కత్తి కింద అభిప్రాయాలు

మా ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు, బయట తిరుగుళ్ళు లేవు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. తను ఏ పని చేసినా అది ఎలా ఉందో నలుగురినీ అడగాలి. అడిగి ఊరుకోడు, వాళ్ళు బాగుందనేదాకా వదలడు. ఆ అడగడమైనా తిన్నగా అడుగుతాడా అంటే అదీ లేదు. మనిషిని కుర్చీలో వెనక్కి వాల్చి, మెడ చుట్టూ తెల్లగుడ్డ బిగించి, గడ్డానికి నురగ పూసి, గొంతు మీద కత్తి ఆనించి, అప్పుడు అడుగుతాడు, మన ఆట ఎలా ఉందంటారు అని. ఆ స్థితిలో బాగోలేదనే మొనగాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మాది రెండు కుర్చీల సెలూన్. ఒక కుర్చీ ఆయనది, రెండోది మా మరిదిది. గోడకి ఇవతల చిన్న గదిలో నా కుట్టుమిషను. పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, బిగుతు జాకెట్లు వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం, ఇదీ నా పని. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, సగం దాకా వేలాడే తెర ఒకటుంది. అటు ఎవరు తుమ్మినా ఇటు నాకు తెలుస్తుంది.

మా మామగారు పోయేనాటికి మా ఆయనకింకా మీసం కూడా సరిగ్గా రాలేదు. తమ్ముడేమో అప్పుడప్పుడే అడుగులేస్తున్నాడు. ఈయన బడి మానేసి తండ్రి కత్తెర అందుకున్నాడు. బడి పోయింది కానీ మాటల పిచ్చి పోలేదు. పేపర్ రాగానే వార్తలు చూడడు, మాటలు నింపే గళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుంటాడు. తమ్ముడు ఎదిగాక వాడికీ పని నేర్పాడు. బుడగ ఊది, దానికి నురగ పూసి, పగలకుండా కత్తితో గీయమనేవాడు. పగిలితే నెత్తిన ఒక మొట్టికాయ. మా మరిదికి పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, పెద్దవాడు బడికి వెళ్తున్నా ఈయన దృష్టిలో తమ్ముడింకా ఆ బుడగ దగ్గరే ఉన్నాడు. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో ఈయనే చెప్పాలి. చెవుల పక్కన ఎంత తియ్యాలో, రేడియోలో ఏది పెట్టాలో, ఫ్యాను ఎటు తిప్పాలో ఈయనే చెప్పాలి. అన్నిటికీ మా మరిది ఊఁ అంటాడు. అందుకే గిరాకీలందరూ అతనికి ఊఁబాబు అని పేరు పెట్టేశారు.

ఇక ఆట సంగతి. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఫోన్లలో తలలు దూర్చేసి, మధ్యలో తల ఎత్తి నేను ముందంటే నేను ముందని కీచులాడుకునేవారు. వాళ్ళని కుదురుగా కూర్చోబెట్టాలని మా ఆయన ఒక ఆట కట్టాడు. కొత్త చొక్కాల లోపల పెట్టే అట్టలు నా దగ్గర బోలెడు పడి ఉంటాయి. వాటిని పేకముక్కల్లా కోశాడు. దేంతో కోశాడు? నేను బట్ట కోసుకునే కత్తెరతో. అట్ట కోస్తే ఆ కత్తెర పదును చచ్చిపోతుంది. ఇది ఆయనకి తెలియని విషయం కాదు. తన కత్తెర ఇంకొకరు ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేసే మనిషి. నా కత్తెర దగ్గరకొచ్చేసరికి మాత్రం కళ్ళు మూసుకుపోయాయి.

ఆట పేరు జతమాట. నీలం అట్టల మీద గుణాలు రాశాడు. మెత్తనిది, జిడ్డుగా ఉండేది, తలుచుకుంటే సిగ్గేసేది, ఎంత చెప్పినా విననిది, ఇలాంటివి. పసుపు అట్టల మీద వస్తువులు, సంగతులు. తడిసిన సాక్సు, మేనేజరు నవ్వు, ఆస్పత్రి బెంచీ, పక్కింటి కుక్క, అలా. అందులో మన సెలూన్ అనేది కూడా ఒకటి రాసుకున్నాడు. ప్రతివాళ్ళ చేతిలో కొన్ని పసుపు అట్టలుంటాయి. ఒకరు తీర్పరి. ఆ తీర్పరి ఒక నీలం అట్ట తీసి చదువుతాడు. మిగతావాళ్ళు ఆ గుణానికి జత కుదిరే పసుపు అట్టని బోర్లా వేస్తారు. తీర్పరి వాటిని కలిపేసి, తిప్పి చూసి, బాగా కుదిరిన దాన్ని ఎంచుతాడు. ఎంచితే చాలదు, ఎందుకు ఎంచాడో పైకి చెప్పాలి. కారణం చెప్పకపోతే తీర్పు చెల్లదు. ఈ ఆఖరి నియమం మా ఆయనకి ప్రాణం.

నిజం చెప్పాలంటే మంచి ఆటే. మొదటిరోజు ఇంట్లో ఆడినప్పుడు, తలుచుకుంటే సిగ్గేసేదానికి మా అత్తగారు మేనేజరు నవ్వు వేస్తే నేను కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను. కానీ ఇంట్లో తీర్పరి వంతులవారీగా మారాడు. సెలూన్లోకి వెళ్ళేసరికి మా ఆయనే శాశ్వత తీర్పరి అయి కూర్చున్నాడు. గిరాకీలు వస్తుంటారు పోతుంటారు, ఆట తెలిసినవాడు ఒకడుండాలి కదా అంటాడు. ఒక చేత్తో కత్తెర ఆడిస్తూ, ఇంకో చేత్తో అట్టలు తిప్పుతూ, తీర్పులు చెప్పేవాడు. చెప్పి, కారణాలు మొదలుపెట్టేవాడు. ఆ కారణాలకి అంతుండేది కాదు.

తెరకి అటుపక్క అందరూ బాగుందనేవాళ్ళే. గడ్డం తుడుచుకుని, పటికముక్క రాయించుకుని, తెర తప్పించుకుని ఇటు వచ్చారో, అసలు మాట బయటపడేది. లెక్కల మాస్టారు రిటైరై ఊరికే ఉంటున్నారు, రోజు విడిచి రోజు గడ్డం గీయించుకుంటారు. ఆయన ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చి నా ముందు స్టూలు మీద కూర్చుని, అది ఆట కాదమ్మాయ్, క్లాసు అన్నారు. తన సర్వీసులో తను కూడా పిల్లల్ని అంతసేపు కూర్చోబెట్టలేదట. ఆటో డ్రైవరైతే మొహం మీదే అనేశాడు, నవ్వొచ్చేలోపే ఆయన నవ్వెందుకు రావాలో చెప్తాడక్కా అని. మొహం మీదంటే నా మొహం మీద, ఆయన మొహం మీద కాదు. మందుల షాపాయన మాత్రం ఆటలో కిటుకు కనిపెట్టేశాడు. మన సెలూన్ అట్ట చేతికొస్తే దాచుకోవాలట. చల్లనిది అన్నా, మరిచిపోలేనిది అన్నా, చివరికి తియ్యనిది అన్నా, అదేస్తే గెలుపు ఖాయమట. అలా ఎన్నిసార్లు గెలిచాడో చెప్పుకుని మురిసిపోయాడు కూడా.

ఇవన్నీ విని నేను కక్కలేక మింగలేక చచ్చేదాన్ని. ఓ రోజు ఉండబట్టలేక ఆయనతో చెప్పాను. వాళ్ళు నాతో అలా అనలేదే అన్నాడు. మీ చేతిలో కత్తుంటుంది కదండీ, ఎలా అంటారు అన్నాను. అంతే, మొహం మాడ్చుకున్నాడు. కత్తి పట్టిన దగ్గర్నుంచి ఒక్కడి మెడ మీద గాటు పెట్టలేదు, నా చెయ్యి మీద నీకు నమ్మకం లేదా అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను దేని గురించి చెప్పాను, ఈయన దేని గురించి బాధపడ్డాడు? గోడకి చెప్పినా నయమనిపించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంతమందికి ఇంత నచ్చింది కదా, ఆటకి ఒక తావు ఉండాలన్నాడు. బెంచీ మీద ఇరుక్కుని ఆడటం కష్టంగా ఉందట. తమ్ముడి కుర్చీ తీయించేసి, అక్కడ గుండ్రటి బల్ల వేయిస్తాడట. మరి తమ్ముడు? ఉన్న ఒక్క కుర్చీలో పొద్దున వాడు, సాయంత్రం తను. వడ్రంగికి చెప్పేశాడు కూడా. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముణ్ణి ఒక మాట అడిగారా అన్నాను. అడిగాను, బాగుంటుందన్నాడు అన్నాడు. ఎప్పుడడిగారని నిలదీస్తే తేలింది. సెలవు రోజున తమ్ముడికి మెడ మీద జుట్టు గీస్తూ అడిగాడట.

మా మరిది ఎంత నోట్లో నాలుక లేనివాడైనా, నా దగ్గర రెండు మాటలు ఎక్కువే మాట్లాడతాడు. తువ్వాళ్ళు ఆరేస్తుంటే పట్టుకున్నాను. మీ అన్నయ్యకి వద్దని చెప్పమన్నాను.

"ఆయన అడిగితే చెప్తాను వదినా."

"అడిగానంటున్నాడుగా."

"అడగలేదు వదినా, చెప్పాడు."

ఇంకో సంగతి కూడా చెప్పాడు, అన్నయ్యకి చెప్పొద్దని ముందే మాట తీసుకుని. బస్టాండు దగ్గర కొత్త సెలూన్ వాళ్ళు ఎప్పట్నుంచో పిలుస్తున్నారట. ఇన్నాళ్ళూ మనసొప్పక వెళ్ళలేదట. కుర్చీ తీసేసిన రోజు వెళ్ళిపోతానన్నాడు. ఒక కుర్చీలో సగం మనిషిగా బతకలేనన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తువ్వాలుని పిండుతూనే ఉన్నాడు, అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

మాటిచ్చాను కాబట్టి బస్టాండు సంగతి ఎత్తకుండా, మీ తమ్ముడు వెళ్ళిపోతే ఏం చేస్తారని ఆయన్ని అడిగాను. నవ్వాడు. వాడు నన్నొదిలి ఎక్కడికి పోతాడు అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. చేత్తో ఎత్తుకుని పెంచిన తమ్ముడు చేయి జారిపోతున్నాడు, ఈయనకి బల్ల గుండ్రంగా ఉండాలా పలకగా ఉండాలా అన్నదే దిగులు.

ఇక తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాను. వడ్రంగి రావడానికి ముందురోజు మాకు సెలవు. ఆ మధ్యాహ్నం నా గదిలో, బట్ట కోసే బల్ల చుట్టూ అందరం కూర్చుని ఆడదామన్నాను. కత్తి లేదు, కుర్చీ లేదు, నురగ లేదు. ఆడాక ఒక్కొక్కరూ ఉన్నదున్నట్టు చెప్పాలి. వాళ్ళు బాగోలేదంటే బల్ల మాట మానుకోవాలి. మా ఆయన సరేనన్నాడు. సరేననడమేంటి, పెళ్ళికి పిలిచినంత సంబరంగా తనే వెళ్ళి అందర్నీ పిలుచుకొచ్చాడు.

మాస్టారు, ఆటో డ్రైవరు, మందుల షాపాయన, మా అత్తగారు, మరిది, నేను. తీర్పరి ఎవరో చెప్పక్కర్లేదు. ఆడాం. మందుల షాపాయన తన కిటుకు వాడుకున్నాడు, మా సెలూన్ మరోసారి తియ్యనిదైంది. అయ్యాక నేను అడిగాను, ఇప్పుడు చెప్పండి, ఆట ఎలా ఉంది అని. మాస్టారు గొంతు సవరించుకుని, విజ్ఞానదాయకంగా ఉందన్నారు. ఆటో డ్రైవరు బాగుందన్నా అన్నాడు. మందుల షాపాయన సూపర్ అన్నాడు. నేను వాళ్ళ మొహాల్లోకి గుచ్చి గుచ్చి చూశాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. మాస్టారైతే బల్ల మీది సుద్దగీతల్ని పరీక్షగా చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు తలకెక్కింది నాకు. ఇవాళ చేతిలో కత్తి లేకపోతేనేం, ఎల్లుండి మళ్ళీ ఆ కుర్చీలోనే కదా మెడ వాల్చాల్సింది. పైగా మొహమాటం. రోజూ మొహం చూసుకునే మనిషిని నొప్పించి వాళ్ళకి ఒరిగేదేముంది? నా తెలివితేటలకి నన్ను నేనే తిట్టుకున్నాను. మా ఆయన నా వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేశాడు. మరిది లేచి టీ గ్లాసులు ఏరుతున్నాడు.

మా అత్తగారికి మాత్రం ఆ కుర్చీతో పనిలేదు. ఆవిడ చేతిలో అట్టలు బల్ల మీద పడేసి, "ఎప్పుడూ నువ్వేనా తీర్పరివి? చిన్నవాణ్ణి ఒకసారి కూర్చోనీ" అంది.

మా ఆయన పెద్దమనసు చేసుకున్నట్టు పక్కకి జరిగాడు. గ్లాసులు కింద పెట్టి మరిది వచ్చి కూర్చున్నాడు. అట్టలన్నీ మళ్ళీ కలిపి పంచుకున్నాం. చేతులు లుంగీకి తుడుచుకుని నీలం అట్ట తీశాడు. ఇరుకైనది. అందరం అట్టలు వేశాం. మా ఆయన మొదటిసారి ఆటగాడిగా కూర్చున్నాడు కదా, ఏది వేయాలా అని మహా ఆలోచించి వేశాడు. మరిది అట్టలన్నీ కలిపి, ఒక్కొక్కటీ తిప్పి వరసగా పెట్టాడు. తడిసిన సాక్సు. చివరి బస్సు. పాత పెళ్ళి చెప్పులు. పక్కింటి కుక్క. ఆస్పత్రి బెంచీ. వాటి పక్కన మన సెలూన్. అది ఎవరు వేశారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

 మరిది మన సెలూన్ తీసి ముందుకి జరిపాడు.

ఆటో డ్రైవరు ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. మా ఆయన కూడా నవ్వుతూనే, "కారణం చెప్పరా. కారణం లేని తీర్పు చెల్లదు" అన్నాడు.

మరిది తల ఎత్తలేదు. ఈసారి ఊఁ అనలేదు, కారణం చెప్పాడు. 

"అక్కడ కుర్చీలు రెండున్నాయి అన్నయ్యా, నిలబడేది మాత్రం నువ్వొక్కడివే. నేను కట్ చేసిన ప్రతి తల మీదా నీ కత్తెర ఒకసారి పడాల్సిందే. మొన్న నా కొడుక్కి నేను కట్ చేస్తే, వాణ్ణి పిలిచి మళ్ళీ కూర్చోబెట్టి నువ్వు సరిచేశావు. ఇరుకంటే నాకు ఇంతకంటే తెలీదు."

 నేను ఆయన మొహం వైపే చూస్తున్నాను. ఇప్పుడైనా తమ్ముడి భుజం మీద చెయ్యేస్తాడు, ఒక్క మాట అంటాడు అనుకున్నాను. ఈ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? అట్ట చేతిలోకి తీసుకుని, ఈ జత కుదరదన్నాడు. సెలూన్ లోపల రెండు కుర్చీలు, ఒక బెంచీ పట్టాక ఇంకా మనిషి నడిచే దారి ఉందట. ఇరుకంటే చివరి బస్సు, అందులో సందేహం లేదట. చివరి బస్సు ఆయన వేసిన అట్ట. దాని తరఫున కారణాలు మొదలుపెట్టాడు. చెప్తూనే ఉన్నాడు.  ఆపితే తమ్ముడు చెప్పినదానికి జవాబు చెప్పాల్సొస్తుంది.

"ఒరేయ్, వాడు మాట్లాడేది ఆట గురించి కాదురా" అంది మా అత్తగారు.

మరిది లేచాడు. బస్టాండు దగ్గరవాళ్ళకి పొద్దున్నే మాటిచ్చేశానని, రేపట్నుంచి అక్కడికి వెళ్తున్నానని చెప్పాడు. చెప్పి, ఏరిపెట్టిన గ్లాసులు తీసుకుని కడగడానికి పంపు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళిపోయేవాడికి మా గ్లాసులెందుకు? అలవాటు, అంతే.

మా ఆయన బల్ల చుట్టూ చూశాడు. మీరైనా చెప్పండి, ఆ జత కుదిరిందా అన్నాడు. తమ్ముడు మాట్లాడాడు కదా, మిగతావాళ్ళకీ గొంతులు పెగిలాయి. కుదిరిందన్నారు మాస్టారు, కారణం క్లుప్తంగా కూడా ఉందన్నారు. ఆటో డ్రైవరు తనకి నవ్వొచ్చేలోపు జరిగేదంతా చెప్పేశాడు. మందుల షాపాయన మన సెలూన్ కిటుకు కూడా బయటపెట్టేశాడు. ఇన్నాళ్ళూ తెర ఇవతల నేను విన్నవన్నీ ఒక్కసారిగా ఆయన నెత్తిన పడ్డాయి. ఇదే కదా నేను కోరుకున్నది? కోరుకున్నది జరుగుతుంటే చూడలేకపోయాను. చాలు ఊరుకోండని వాళ్ళ మీద కసురుకున్నాను. ఆయన ఒక్కొక్కరు చెప్పేది తల ఊపుతూ విన్నాడు. అందరూ వెళ్ళాక అట్టలు నీలంవి వేరు, పసుపువి వేరు చేస్తూ అక్కడే కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మర్నాడు వడ్రంగి వచ్చాడు. మా ఆయన తమ్ముడి కుర్చీ ముట్టుకోనివ్వలేదు. చేయించిన బల్ల ఎక్కడ పెట్టాలో తెలియక నా గదిలోకి తోయించాడు. ఇప్పుడు నేను మిషను చుట్టూ ఒళ్ళు వంచుకుని తిరగాల్సొస్తోంది. అట్టల పెట్టె మాత్రం బెంచీ మీద పెట్టి, ఆడుకుంటే ఆడుకోండని తన పని తను చూసుకుంటున్నాడు. తీర్పుల జోలికి వెళ్ళడం లేదు. వాళ్ళే వంతులేసుకుని ఆడుతున్నారు, పడీ పడీ నవ్వుతున్నారు. మొన్న ఆటో డ్రైవరు, ఆట ఇప్పుడు భలే ఉందన్నాడు, ఎవరూ అడక్కుండానే. ఆయన విననట్టే ఉన్నాడు. బెంచీ మీదివాళ్ళు ఖాళీ కుర్చీ వైపు చూసి, అందులో కూర్చోవచ్చా అని అడిగితే, దానికి మనిషి లేడండీ అంటాడు. నువ్వు వెళ్ళి పిలువు మహానుభావా అని నేను పోరుతూనే ఉన్నాను. ఊఁ అంటాడు. ఇన్నాళ్ళూ తమ్ముడు చేసిన పని ఇప్పుడు ఈయనకొచ్చింది.

చివరికి మొన్న సెలవు రోజున చొక్కా మార్చుకుని, నువ్వు కూడా రా అన్నాడు. బస్టాండు దగ్గరికి తీసుకెళ్ళాడు. అద్దాల తలుపులు, వరసగా కుర్చీలు, పెద్ద సెలూనే. మా మరిది తలుపు వైపున్న కుర్చీ దగ్గర ఎవరికో జుట్టు కత్తిరిస్తున్నాడు. మమ్మల్ని చూసి కళ్ళతోనే పలకరించి పనిలో పడ్డాడు. మా ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. తనకంటే ముందొచ్చినవాళ్ళందరి పనీ అయ్యేదాకా నోరు మెదపలేదు. వంతు రాగానే వెళ్ళి కూర్చున్నాడు. మా మరిది గుడ్డ దులిపి, మెడ చుట్టూ కట్టి, నీళ్ళు చిలకరించాడు.

"ఎలా చెయ్యమంటావు అన్నయ్యా?"

ఈయనకి ఈ విషయంలో ఎన్ని పట్టింపులో నాకు తెలుసు. వెనక ఎంత, పక్కన ఎంత, పాపిడి ఎక్కడ, అన్నీ చెప్పి, మధ్యలో ఆపి, అద్దం తెప్పించుకుని చూసే మనిషి. అద్దంలో తమ్ముడి మొహం చూశాడు.

"నీ ఇష్టం రా" అన్నాడు.

 మా మరిది దువ్వెన తీసుకుని, తల వంచుకుని మొదలుపెట్టాడు.  మా మరిది మళ్ళీ వస్తానన్నది లేదు, ఈయన రమ్మన్నదీ లేదు. నేను ఆ పరాయి సెలూన్ బెంచీ మీద కూర్చుని, ఆ ఒక్క మాట మన గుమ్మం లోపలే ఎందుకనలేదయ్యా అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.